కరెంటు బండి పొగ ఎక్కడికి పోతుంది?

తెల్లవారుజామున నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఎప్పుడైనా నిలబడ్డారా? సముద్రం వైపు నుంచి మోటారు సైకిళ్ళు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటాయి. వెనుక సీటు మీద చేపల పెట్టె, పెట్టెలో ఐసు, పెట్టె జారకుండా బిగించి కట్టిన పాత ట్యూబు. బండి కనబడక ముందే దాని చప్పుడు వినబడుతుంది. దాటిపోయాక కూడా పొగ వాసన కాసేపు నిలుస్తుంది. ఈమధ్య వాటి నడుమ మరో రకం బండి కూడా వస్తున్నది. దానికి చప్పుడు లేదు, సైలెన్సరు లేదు, పొగ లేదు. అదే విద్యుత్తుతో నడిచే బండి. మనవాళ్ళ నోట అది కరెంటు బండి అయింది.

ఈ రెంటిలో ఏది మేలు? ఈ ప్రశ్నను ఏ టీ కొట్టు దగ్గరైనా వేసి చూడండి. టీ చల్లారుతుంది గాని వాదన చల్లారదు.

"అది పిల్లకాయల బండి. బరువు యాడ లాగుద్ది?" అంటాడు చేపల పెట్టె మోసే ఆయన.

"నెల తిరిగేసరికి పెట్రోలు డబ్బు ఎంత మిగులుతుందో నన్నడుగు!" అంటాడు కరెంటు బండి కొన్నాయన.

"తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోతే?" అని ఇంకొకరు.

"పొగ లేదు గదా, అది చాలదా?" అని మరొకరు.

ఇవన్నీ అభిప్రాయాలు. అభిప్రాయం వేరు, రుజువు వేరు. అలాగని వీటిని కొట్టిపారేయకూడదు. ఏళ్ళ తరబడి బండి నడిపిన వాళ్ళ మాట వెనుక అనుభవం ఉంటుంది. ఆ అనుభవంలో కొలిచి చూడదగిన విషయం ఏమిటో పట్టుకోవడమే విజ్ఞానశాస్త్రం పని. రండి, ఒక్కొక్క మాటనూ తూకం వేద్దాం.

బరువు లాగుతుందా?

పెట్రోలు బండిలో పనిచేసేది అంతర్దహన యంత్రం. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండరులోకి పోతాయి. స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మిశ్రమం మండి, వేడెక్కిన వాయువులు వ్యాకోచించి పిస్టన్‌ను నెడతాయి. పిస్టన్ నాలుగుసార్లు కదిలితే అందులో ఒక్కసారే ఈ నెట్టుడు ఉంటుంది. మిగిలిన మూడూ మిశ్రమాన్ని పీల్చడానికి, నొక్కడానికి, పొగను బయటికి పంపడానికి సరిపోతాయి. అందుచేత ఇంజను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంటేగాని దానికి పూర్తి బలం రాదు. నిలబడి ఉన్న బండిని కదిలించడానికి క్లచ్చి, గేర్లు అవసరమైనది అందుకే.

విద్యుత్ మోటారు సంగతి వేరు. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం మోటారులోని అయస్కాంతాలను నెట్టి తిప్పుతుంది. విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసి 1821లో లండన్‌లో మైకేల్ ఫారడే చూపించినది ఈ సూత్రాన్నే. మోటారు బలం చూపడానికి ముందుగా తిరుగుతూ ఉండనక్కరలేదు. కదలక ముందే పూర్తి బలంతో నెట్టగలదు. అందుకే కరెంటు బండి ఇసుక దారిలోనైనా గేరు మార్చకుండా చటుక్కున కదులుతుంది.

అయితే చేపల పెట్టె ఆయన మాట ఉత్తదేనా? కాదు. పెద్ద బరువును చాలాసేపు లాగాలంటే మోటారుకు ఎక్కువ విద్యుత్తు కావాలి. తీగలో పుట్టే వేడి విద్యుత్ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. అంటే ప్రవాహం రెండు రెట్లయితే వేడి నాలుగు రెట్లు! వేడి హద్దు దాటకుండా బండిలోని నియంత్రణ పరికరం విద్యుత్తును తగ్గిస్తుంది. అప్పుడు బండి నీరసిస్తుంది. కాబట్టి చిన్న మోటారున్న బండి పెద్ద బరువుకు పనికిరాదు. అది విద్యుత్తు తప్పు కాదు, పనికి తగిన బండి ఎంచుకోకపోవడం.

ఎంత దూరం పోతుంది?

ఒక లీటరు పెట్రోలులో దాగిన శక్తి సుమారు 9 యూనిట్లు. కరెంటు బిల్లులో మీరు చూసే యూనిట్టే ఇదీ. 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే శక్తి ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్ అవర్. ఆ లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో మాత్రమే. అదే 9 యూనిట్ల శక్తిని లిథియం బ్యాటరీలో దాచాలంటే బ్యాటరీ సుమారు 60 కిలోలు తూగుతుంది. ఒక మనిషి బరువన్న మాట!

ఎందుకింత తేడా? పెట్రోలు మండడానికి ఆక్సిజన్ కావాలి. దాన్ని బండి మోయనక్కరలేదు, దారి పొడుగునా గాలిలోంచి పీల్చుకుంటుంది. బ్యాటరీకి ఆ సదుపాయం లేదు. ధనధ్రువం, ఋణధ్రువం, వాటి నడుమ ద్రావణం, పైన ఇనుప పెట్టె, అన్నీ తన వెంటే మోసుకుపోవాలి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. పెట్రోలులోని శక్తిలో చక్రానికి చేరేది నాలుగో వంతు కూడా ఉండదు. మిగిలినదంతా వేడిగా పోతుంది. కాసేపు నడిపిన బండి సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టలేము గదా! ఆ వేడి మనం డబ్బు పోసి కొన్నదే. విద్యుత్ మోటారయితే బ్యాటరీ ఇచ్చిన శక్తిలో అయిదింట నాలుగు వంతులకు పైగా చక్రానికి చేరుస్తుంది. అందుచేత లీటరుకు 60 కిలోమీటర్లు పోయే పెట్రోలు బండి ఒక యూనిట్ శక్తితో 7 కిలోమీటర్లు కూడా పోలేదు. కరెంటు బండి సుమారు 33 కిలోమీటర్లు పోతుంది.

అయినా దూరంలో గెలుపు పెట్రోలుదే. పది లీటర్ల ట్యాంకు నిండితే 600 కిలోమీటర్లు, నింపడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. కరెంటు బండిలో 3 యూనిట్ల బ్యాటరీ ఉంటే 100 కిలోమీటర్లు. బరువు ఉంటే, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. ఇంట్లో చిన్న ఛార్జరుతో అది నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది.

తుఫాను మాట కూడా నిజమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు నెల్లూరు తీరమంతటా కుండపోతగా కురిసింది. అటువంటి రోజుల్లో స్తంభాలు పడతాయి, తీగలు తెగుతాయి. అప్పుడు ట్యాంకులో ఉన్న పెట్రోలే ధైర్యం. తుఫాను హెచ్చరిక వినగానే కరెంటు బండి ఉన్నవాళ్ళు చేయవలసిన మొదటి పని బ్యాటరీ నింపుకోవడం.

ఖర్చు మాటేమిటి?

మైపాడు నుంచి నెల్లూరుకు పోయి రావడం సుమారు 50 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 110 రూపాయలు, విద్యుత్తు యూనిట్ 6 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. మీ ఊళ్ళో ధర వేరైతే ఆ అంకెలు వేసుకోండి.

పెట్రోలు బండికి 50ని 60తో భాగించి 110తో గుణిస్తే సుమారు 92 రూపాయలు. కరెంటు బండి కిలోమీటరుకు 30 వాట్ అవర్లు వాడుతుంది. ఛార్జింగులో పోయే వేడి కలిపితే గోడ ప్లగ్గు నుంచి తీసుకునేది 35. మొత్తం 1.75 యూనిట్లు, అంటే పదిన్నర రూపాయలు!

ఈ లెక్క చూసి వెంటనే చప్పట్లు కొట్టకండి. బ్యాటరీ కలకాలం ఉండదు. మంచి లిథియం బ్యాటరీ వేయిసార్ల దాకా నింపుకున్నాక మొదటి సత్తాలో పాతిక శాతం వరకు పోగొట్టుకుంటుంది. నెల్లూరు ఎండలకు ఇంకా త్వరగా నీరసించవచ్చు. కొత్త బ్యాటరీకి పదుల వేల రూపాయలు కావాలి. పాత రకం సీసపు బ్యాటరీలు అంతకంటే చాలా ముందే అరిగేవి. "కరెంటు బండి కొని మోసపోయాను" అనే వాళ్ళను అడగండి. వాళ్ళలో కొందరి బండిలో ఉన్నది సీసపు బ్యాటరీయే అయి ఉంటుంది. ఏ బ్యాటరీ అని అడగకుండా ఏ బండి మంచిదని అడిగితే జవాబు దొరకదు.

ఉప్పుగాలి, నిప్పు

తీరం గాలిలో సన్నని ఉప్పు తుంపర ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు అయాన్లు ఇనుము తుప్పు పట్టడాన్ని త్వరపరుస్తాయి. పెట్రోలు బండిలో గొలుసు, సైలెన్సరు, రిమ్ములు ముందుగా దెబ్బతింటాయి. కరెంటు బండిలో తీగలు కలిసే చోట్ల రాగి పచ్చగా చిలుము పడుతుంది. బ్యాటరీ పెట్టె మీద ఐపీ 67 అని ఉంటే దుమ్ము చొరబడదని, మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా నీరు దిగదని అర్థం. కాని ఆ పరీక్ష చేసేది మంచినీటితో, సముద్రపు గాలిలో ఏళ్ళ తరబడి కాదు. కనుక ఏ బండి అయినా తీరంలో ఉంటే తరచు మంచినీటితో తుడవడం తప్పదు.

నిప్పు భయం కూడా చాలామందికి ఉంది. 2022 వేసవిలో మన దేశంలో కొన్ని విద్యుత్ స్కూటర్లు మండిపోయాయి. ఆ తరువాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నియమాలను కఠినం చేసింది. లిథియం ఘటం లోపల దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి రసాయన చర్యను పెంచుతుంది, పెరిగిన చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. ఇనుము, ఫాస్ఫేటు కలిసిన రకం లిథియం బ్యాటరీలలో ఈ ప్రమాదం తక్కువ. పెట్రోలు మాత్రం సాధువా? సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా దాని ఆవిరి అంటుకుంటుంది. ఎక్కువ శక్తిని కొద్ది చోటులో దాచినప్పుడు జాగ్రత్త ఎక్కడైనా కావాలి. ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగుకు పెట్టకండి, మంచం పక్కన అసలే పెట్టకండి.

పొగ లేదా? నిజంగానా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కరెంటు బండికి పొగ గొట్టం లేదు. నిజమే. కాని ప్లగ్గులోకి వచ్చే కరెంటు ఎక్కడ పుట్టింది?

మైపాడుకు దక్షిణాన అదే తీరంలో కృష్ణపట్నం ఉంది. అక్కడి రేవులో ఓడల్లోంచి బొగ్గు దిగుతుంది. ఆ చుట్టుపట్ల పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రాలు ఉన్నాయి. నేలటూరు దగ్గర ఉన్న శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రం వాటిలో ఒకటి. అందులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. మూడవదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. కరెంటు బండికి లేని పొగ గొట్టం అక్కడ ఉంది!

ఒక కిలోమీటరు పోతే ఏ బండి వల్ల ఎంత కార్బన్ డై ఆక్సైడు, అదే మన బొగ్గుపులుసు వాయువు, వెలువడుతుందో లెక్క వేద్దాం.

లీటరు పెట్రోలు మండితే సుమారు 2300 గ్రాములు వస్తుంది. లీటరుకు 60 కిలోమీటర్లు పోయే బండికి 2300ను 60తో భాగిస్తే కిలోమీటరుకు 38 గ్రాములు. లీటరుకు 45 కిలోమీటర్లు పోయే పెట్రోలు స్కూటరయితే 51 గ్రాములు.

కరెంటు బండికి ప్లగ్గు దగ్గర 35 వాట్ అవర్లు కావాలి. తీగలలో, ట్రాన్స్‌ఫార్మర్లలో నూటికి 15 వంతులు పోతుందనుకుంటే కేంద్రం నుంచి 41 వాట్ అవర్లు బయలుదేరాలి. బొగ్గు కేంద్రంలో యూనిట్‌కు సుమారు 900 గ్రాముల చొప్పున లెక్కిస్తే కిలోమీటరుకు 37 గ్రాములు!

చూశారా! మంచి మైలేజీ ఇచ్చే పెట్రోలు బండికి 38, పూర్తిగా బొగ్గు కరెంటుతో నడిచే బండికి 37. ఉన్న తేడా ఒక్క గ్రాము. పెట్రోలును తవ్వి తీసి శుద్ధి చేయడంలో వచ్చే పొగ, బ్యాటరీ తయారీలో వచ్చే పొగ ఈ లెక్కలో కలపలేదు.

మోటారు అంత పొదుపరి గదా, మరి ఎందుకిలా అయింది? జవాబు రసాయనశాస్త్రంలో ఉంది. పెట్రోలు కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థం. అది మండినప్పుడు హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారుతూ కూడా వేడినిస్తుంది. బొగ్గులో ఎక్కువ భాగం కార్బనే. అంత వేడి కోసం బొగ్గును మండిస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువ వస్తుంది. పైగా బొగ్గు వేడిలో సుమారు నూటికి 40 వంతులే విద్యుత్తుగా మారుతుంది. మోటారు చేసిన పొదుపును బొగ్గు తినేసింది.

అయితే మన ఇంటికి వచ్చే కరెంటు ఒక్క బొగ్గుది కాదు. దేశమంతటి కేంద్రాలు ఒకే తీగల వలలో కలిసి ఉన్నాయి. పెన్నలో కలిసిన నీటిలో ఏ చుక్క ఏ వాగుదో చెప్పలేనట్లే అందులో ఏ కరెంటు ఏ కేంద్రానిదో చెప్పలేము. బొగ్గు, నీరు, గాలి, ఎండ, అణుశక్తి అన్నీ కలిపి సగటు తీస్తే యూనిట్‌కు సుమారు 700 గ్రాములు. ఆ లెక్కన కరెంటు బండికి కిలోమీటరుకు 29 గ్రాములు. ఎండ, గాలి వాటా పెరిగినకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఈ రోజు కొన్న బండే మరో అయిదేళ్ళకు ఇంకా శుభ్రమైనది కాగలదు. పెట్రోలు బండికి ఆ యోగం లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. నెల్లూరు వీధుల్లో కూడళ్ళ దగ్గర ఆగిన వందల బళ్ళ పొగను పీల్చేది పక్కన నడిచే మనుషులు. కరెంటు బండి ఆ పొగను వీధిలోంచి తీసేస్తుంది. కాని బొగ్గు కేంద్రం పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళకు బూడిద, పొగ మిగులుతాయి. వేల బళ్ళ పొగను పట్టుకోవడం కంటే ఒక గొట్టం పొగను పట్టుకోవడం తేలిక. బూడిదను పట్టే యంత్రాలు అక్కడ ఉన్నాయి కూడా. అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడవలసిన బాధ్యత మాత్రం ఆ పల్లెది ఒక్కదానిదే కాదు, ప్లగ్గు పెట్టే మనందరిదీ.

ఎప్పుడు ఛార్జింగు పెట్టాలి?

2017లో పూర్తయిన కర్నూలు సౌర విద్యుత్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అటువంటి పార్కులన్నీ నడిమధ్యాహ్నం జోరుగా పనిచేస్తాయి. పొద్దు గూకేసరికి అవి ఆగిపోతాయి. అదే వేళకు ఇళ్ళలో దీపాలు, ఫ్యానులు మొదలవుతాయి. అప్పుడు బరువంతా ఎక్కువగా బొగ్గు మీద పడుతుంది.

ఇప్పుడు టీ కొట్టు దగ్గరి మనుషులను మళ్ళీ తలుచుకోండి. పొద్దున పోయి సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగి బండిని రాత్రి ఛార్జింగు పెడతాడు. "నాకు పనికిరాదు" అన్న చేపల పెట్టె ఆయన తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నం కాకముందే ఇల్లు చేరతాడు. ఆయన బండి ఎండవేళ నీడన ఊరికే నిలబడి ఉంటుంది. రోజుకు 50 కిలోమీటర్ల పని, ఎండ కరెంటు దొరికే వేళకు ఖాళీ. బరువుకు తగిన మోటారు, చేతికందే ధర ఉంటే అందరికంటే ఎక్కువగా కరెంటు బండి కుదిరేది ఆయనకే! రోజుకు 200 కిలోమీటర్లు తిరగవలసిన వాళ్ళకు మాత్రం నేటికి పెట్రోలు బండే సుఖం.

కాబట్టి ఏది మేలన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఎంత దూరం, ఎంత బరువు, ఏ బ్యాటరీ, ఏ వేళ, ఆ కరెంటు ఎక్కడిది అన్న అయిదు ప్రశ్నలు వేసుకున్నాకే జవాబు వస్తుంది.

మీరే చేసి చూడండి

1. మీ ఇంట్లో లేదా పక్కింట్లో పెట్రోలు బండి ఉంటే వారం రోజులు పోసిన పెట్రోలు, నడిచిన కిలోమీటర్లు రాసుకోండి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లో తేలాక 2300ను ఆ అంకెతో భాగించండి. కిలోమీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది.

2. కరెంటు బండి అయితే ఛార్జింగుకు ముందు, తరువాత మీటరు చూసి యూనిట్లు రాసుకోండి. ఆ వేళ ఇంట్లో మిగిలిన పరికరాలు ఆపి ఉంచాలి సుమా! ఆ యూనిట్లను 820తో గుణించి, నడిచిన కిలోమీటర్లతో భాగించండి. తీగలలో పోయే నష్టం కూడా కలిపితే ఇంటికి చేరిన ఒక్కొక్క యూనిట్‌కు సుమారు 820 గ్రాములు పడుతుంది.

3. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మంచినీరు, ఒకదానిలో ఉప్పునీరు పోయండి, మూడవదాన్ని పొడిగా ఉంచండి. మూడింటిలోనూ ఒక్కొక్క ఇనుప మేకు వేయండి. వారం తరువాత ఏ మేకు ఎలా ఉందో చూడండి.

4. బండి నడిపే అయిదుగురిని వాళ్ళ అభిప్రాయం అడగండి. ప్రతి అభిప్రాయం పక్కన "దీన్ని కొలవవచ్చా? ఎలా?" అని రాయండి.

పద్దెనిమిదేళ్ళు నిండి మీరు బండి తాళం చేత పట్టే రోజు ఎంతో దూరంలో లేదు. అప్పుడు ఏ బండి కొనాలో ఎవరో చెప్పవలసిన పని లేకుండా, ఈ వారమే ఒక నోటుపుస్తకంలో లెక్క మొదలుపెట్టండి.